మా లైనులో లేని టర్న్‌టేబుల్

ఖమ్మం బస్టాండులో ఒక బస్సు ముక్కును జానలు పెట్టి కొలుస్తూ కండక్టరుకు దొరికిపోయాను. డెబ్బైల చివరి మాట ఇది. అప్పటి ఎర్రబస్సుల్లో చాలావాటికి ఇంజను లోపల ఉండేది కాదు. ముందుకు పొడుచుకొచ్చి, దాని మీద రెండు వైపులా తెరుచుకునే రేకు మూత ఉండేది. మేం వాటిని ముక్కు బస్సులనేవాళ్లం. నేను ఆ మూత మీద జాన తర్వాత జాన వేసుకుంటూ పోయి, చివర మిగిలిన బెత్తెడును కాగితం మీద రాసుకుంటున్నాను.

"ఏందన్నా, బస్సుకు అంగీ కుట్టిస్తవా?" అన్నాడు కండక్టరు వెనక నుంచి.

కిటికీల్లోంచి జనం నవ్వారు. బొమ్మ చేస్తున్నానని చెప్పాను. "పిల్లలకా?" అన్నాడు. నాకేనన్నాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, పాపం అన్నట్టు తలాడించి, విజిల్ ఊదాడు. మరుసటి వారం అదే బస్సు దగ్గర టేపు పట్టుకుని నిలబడితే మాత్రం రెండో కొస తనే పట్టుకున్నాడు. "అద్దాల కొలత గూడ రాసుకో, మల్ల మల్ల రాకు" అన్నాడు. మళ్లీ మళ్లీ వెళ్లాను.

నేను కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. వైరా చెరువు కింద ఏ పొలానికి ఏ పిల్లకాలువ పోతుందో ట్రేసింగ్ కాగితం మీద గీయడం నా ఉద్యోగం. పొద్దంతా భూమిని చిన్నది చేసి గీసేవాణ్ణి, సాయంత్రం ఇంటికొచ్చి బస్సుల్నీ కార్లనీ రైళ్లనీ చిన్నవి చేసేవాణ్ణి. అంగుళంలో ఎనిమిదో వంతును వడ్రంగులు నూలు అంటారు. అడుగుకు ఒక నూలు, అదీ నా లెక్క. ఆ లెక్కన బస్సు అరచేతిలో పడుతుంది, బొగ్గు ఇంజను జానెడులో సరిపోతుంది. లెక్క తప్పితే నాకు అన్నం సయించేది కాదు. కిటికీ ఊచ అర నూలు లావైందని, రంగు కూడా వేసేసిన బస్సును తీసి మూలన పారేసిన రోజులున్నాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మా అమ్మ నన్ను చూసే అనేది.

ఆ రోజుల్లో బొమ్మలు కట్టే సామాను ఖమ్మంలో ఎక్కడ దొరుకుతుంది? గొడుగు ఊచలు పట్టాలయ్యేవి. చీల్చిన వెదురు పుల్లలు పట్టాల కింది దుంగలయ్యేవి. పాత ఎక్స్‌రే ఫిలిమును వేడినీళ్లలో నానేసి, బూడిదతో రుద్ది ఆ నలుపు పోగొడితే బస్సు అద్దాలకు అంతకంటే మంచి సరుకు లేదు. దవాఖానాలో తెలిసిన కాంపౌండరు ఊళ్లోవాళ్ల విరిగిన పక్కటెముకలన్నీ నా కోసమే దాచేవాడు. రంపపు పొట్టుకు పచ్చరంగు పట్టించి తీగలకు అంటిస్తే టేకు చెట్లు. పాడైన టేపురికార్డర్లలోంచి తీసిన మోటార్లు ఇంజన్లను లాగేవి.

వైరా అడ్డా మీద ఒక నల్ల అంబాసిడర్ టాక్సీ ఉండేది. దాన్ని చేసినప్పుడు డిక్కీ మూత పైకెత్తి తాడుతో కట్టినట్టే చేశాను, ఎందుకంటే ఆ డిక్కీ మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. లోపల పదిమంది, డిక్కీలో ఇంకో ఇద్దరు కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చునేవాళ్లు. చేసింది పట్టుకెళ్లి డ్రైవరుకు చూపిస్తే మురిసిపోయాడు గానీ, చివరికి ఒక వంక పెట్టాడు. "మనుషులేరి సారూ? ఖాళీ బండి నేనెన్నడు తోలలే." ఆ మాటలో న్యాయం ఉంది. ఆ తర్వాత ఏన్కూరు జీపు చేసినప్పుడు వెనక కమ్మీ పట్టుకుని వేలాడే ఆరుగురిని కూడా మైనంతో చేసి అంటించాను.

ఇప్పటి బస్సులకు మొహం లేదు. ముందేదో వెనకేదో అద్దాల్ని బట్టి పోల్చుకోవాలి. కార్లు వాడి వాడి అరిగిపోయిన సబ్బుబిళ్లలు. ఈ మాటంటే మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

ఇన్ని చేసినా నా ప్రాణం రైలు మీదే ఉండేది. మాది మధిర. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పత్తి భూములు కొన్నారు. ఆ చేల గట్టు మీద నిలబడితే మెయిన్ లైను కనిపించేది. కానీ మెయిన్ లైను రైళ్లకు మధిర ఒక లెక్కా? దుమ్ము లేపుకుంటూ పోయేవి. నా మనసు పడ్డది డోర్నకల్లులో చీలి, కారేపల్లి మీదుగా అడవి వైపు పోయే బ్రాంచి లైను మీద. ఒక బొగ్గు ఇంజను, ఐదారు పెట్టెలు, ఎవరికీ తొందర లేని ప్రయాణం. తునికాకు కట్టలు, వెదురు తట్టలు, ఇప్పపువ్వు మూటలు కాళ్లకు అడ్డం పడేవి. ఒకే పెట్టెలో ఒక మూల తెలుగు, ఒక మూల ఉర్దూ, ఇంకో మూల కోయ మాట వినిపించేది. భద్రాచలం పోయే భక్తులు మాత్రం బస్సు దొరుకుతుందో లేదోనని దిగే దాకా గడియారం చూసుకునేవాళ్లు.

ఆ లైను మీద ఇంజను నడిపే డ్రైవరు కూతుర్నే పెళ్లి చేసుకున్నాను. అనుకుని చేసింది కాదు, సంబంధం అట్లా వచ్చింది. డోర్నకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెళ్లిచూపులు. అమ్మాయి వచ్చి కూర్చుంది. ఏమైనా అడగమని పెద్దలన్నారు. నేను పెళ్లికూతురి తండ్రి వైపు తిరిగి, మీ ఇంజను పెద్ద చక్రాల ఎత్తు ఎంతుంటుందండీ అని అడిగాను.

"ఐదడుగుల ఒకటిన్నర అంగుళం," అన్నాడాయన తడుముకోకుండా. "కొత్త చక్రమైతే. అరిగిన చక్రమైతే కొలిచి చెప్పాలె."

ఆ ఒక్క జవాబుతో మామయ్య నాకు నచ్చేశాడు. నేనూ ఆయనకు నచ్చాననుకుంటాను. లోపలికెళ్లి "పిలగాడు మనోడే" అన్నాడట. ఆ రోజు అమ్మాయి కట్టుకున్న చీర రంగేమిటో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ సంగతి నా భార్య పండక్కొకసారి గుర్తు చేస్తుంది.

మామయ్య రిటైరయ్యేసరికి మా అత్తయ్య లేదు. ఆయన మా దగ్గరికి ఖమ్మం వచ్చేశాడు. రెండు గదులు, ఒక వంటిల్లు, అదీ మా కిరాయి ఇల్లు. ముందు గదిలో ఆయన మంచం, వెనక గదిలో మేం, నా బొమ్మలు. వచ్చిన కొన్నాళ్లకే కళ్లు మసకలు కమ్మడం మొదలైంది. దవాఖానాకు తీసుకుపోతే నీటికాసులన్నారు. పోయిన చూపు రాదు, ఉన్న చూపును చుక్కల మందుతో కొన్నాళ్లు ఆపవచ్చు, ఏడాది, మహా అయితే ఇంకొంచెం అన్నాడు డాక్టరు. అప్పటికే పక్కల చూపు పోయి, ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపించేది. నా భార్య రోజుకు మూడుసార్లు ఆయన తల వెనక్కి వంచి చుక్కలు వేసేది.

ఒక సాయంత్రం నేను ముక్కు బస్సుకు ఎర్రరంగు వేస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. బస్సును కళ్ల ముందుకు, ఆ గొట్టం మధ్యలోకి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"అల్లుడూ, నా లైను జెయ్యి," అన్నాడు. "ముప్పై ఏండ్లు ఇంజన్ల నిలబడి పోయిన. నా బండి అడవిలకెల్లి పోతుంటె ఎట్లుంటదో బయటికెల్లి నేనెన్నడు సూడలే. గేటు కాడ ఉన్నోళ్లు సూసిండ్రు, గొడ్లు కాసెటోళ్లు సూసిండ్రు. నేను సూడలే. కండ్లు పోకముందు ఒక్కసారి సూస్త."

చేస్తానన్నాను. చుక్కల మందు సీసాకు మూత పెడుతున్న నా భార్య నా వైపు చూసింది. ఇన్నేళ్లలో నన్నేదీ అడగని మనిషి ఇది అడుగుతోందని ఆ చూపులో నాకు అర్థమైంది.

ఇళ్లు కూలగొట్టిన సామాను అమ్మే చోట రెండు పాత తలుపులు కొనుక్కొచ్చి, వెనక గదిలో గోడ పొడుగునా ఒకదానికొకటి అతికించి వేశాను. మేం ఆ తలుపుల కింద చాప వేసుకుని పడుకున్నాం. మామయ్య తన మంచం మీద కూర్చుని లైను చెప్పేవాడు, నేను పక్కన కూర్చుని గీసుకునేవాణ్ణి. చెబుతున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి కనిపించని కమ్మీని పట్టుకుని ఉండేది. ఇక్కడ వాగు, మూడు కమాన్ల వంతెన. ఇక్కడ గేటు. ఇక్కడ్నుంచి అడవి, ఎత్తు మొదలు.

"ఈడ టేకాకు రాలి పట్టా మీద వడ్డదంటె సబ్బు రాసినట్టే. చక్రం తిరుగుతది, బండి కదలది. ఇసుక పొయ్యాలె."

నేను నిజం టేకాకును ఎండబెట్టి, నలిపి, ఆ ఎత్తు పొడుగునా చల్లాను. మామయ్య ఒక షరతు పెట్టాడు. ముక్కలు ముక్కలుగా చూపించొద్దు, బండి మొత్తం లైను మీద నడిచిన రోజే చూస్తానన్నాడు. అందుకని ఆయన వెనక గదిలోకి వచ్చేవాడు కాదు, నేను లైను మీద దుప్పటి కప్పి ఉంచేవాణ్ణి.

ఎనిమిది నెలలు పట్టింది. పట్టాలు కొస స్టేషను దాకా వచ్చాయి. ఇంజను తయారైంది. దాని వెనక బొగ్గూ నీళ్లూ మోసే డబ్బా తయారైంది, దాన్ని టెండరంటారు. పెట్టెలు తయారయ్యాయి. ఒకరోజు మామయ్య నిద్రపోతున్నప్పుడు నడిపి చూస్తే బండి ఎక్కడా పట్టా తప్పకుండా పోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అసలు లైనులో రైలు కొస స్టేషనుకు చేరాక ఇంజన్ను విడదీసి, పక్క పట్టాల మీదుగా తెచ్చి రైలు తోకకు తగిలించేవాళ్లు. ఇంజన్ను వెనక్కి తిప్పే ఏర్పాటు అక్కడ లేదు. కాబట్టి తిరుగు ప్రయాణంలో టెండరు ముందు, పొగగొట్టం వెనక. అంటే ఇంజను డోర్నకల్లు దాకా వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. నేను కళ్లారా ఎన్నోసార్లు చూశాను. అలాగే చేసి ఉంటే నా పని ఆ రోజుతో అయిపోయేది.

కానీ చిత్తు కాగితాల కొట్లో ఒక పాత విదేశీ రైల్వే పత్రిక దొరికింది. అందులో టర్న్‌టేబుల్ బొమ్మ ఉంది. గుండ్రటి గుంట, గుంటకు అడ్డంగా పట్టాల వంతెన. ఇంజను వచ్చి వంతెన మీద నిలబడితే ఇద్దరు మనుషులు తోసి దాని మొహం మళ్లిస్తున్నారు. ఆ బొమ్మ చూశాక నాకు ఇంకేదీ కంటికి ఆనలేదు. ఇంత అందమైన ఇంజను చేసి, దాన్ని వెనక్కి నడిపించడమా? లైను కొసన అదొక్కటీ పెడితే చూసినవాడు ఔరా అనాలి అనుకున్నాను. కిటికీ ఊచ అర నూలు తేడా వస్తే బస్సును పారేసే పెద్దమనిషిని, లేని టర్న్‌టేబులును పెట్టడానికి మాత్రం నా లెక్కలేవీ అడ్డం రాలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు మరి.

నా భార్య అడిగింది. "అయిపోయినట్టే గద? ఇగ నడిపియ్యరాదు నాయినకు?"

"కొసన టర్న్‌టేబుల్ ఉండాలి," అన్నాను. "అది లేకపోతే ఇంజను తిరగదు. ఇంజను తిరక్కపోతే అది మీ నాన్న లైనే కాదు."

ఆమె డోర్నకల్లులో పెరిగింది గానీ వచ్చే ఇంజను మొహం ఎటుందో ఎప్పుడూ పట్టించుకోలేదు, కొస స్టేషను దాకా ఎప్పుడూ పోలేదు. నా మాట నమ్మింది. నమ్మడమే కాదు, గుంటకు సరిపోతుందేమో చూడమని తను రోజూ అన్నం తినే సత్తు పళ్లెం కడిగి తెచ్చి ఇచ్చింది. కొలిచాను. నూలు అటూ ఇటూ కాకుండా సరిపోయింది.

రెండు మూడు వారాల పని అనుకున్నాను. వంతెన తిరిగేది, కానీ ఆగినప్పుడు దాని మీది పట్టా బయటి పట్టాతో కలిసేది కాదు. వెంట్రుకవాసి తేడా. ఆ వెంట్రుకవాసి చాలు, ఇంజను గుంటలో పడటానికి. సైకిలు హబ్బులోంచి గుండ్లు తీసి కింద పెట్టాను. వంతెన ఊగింది. గుండ్లు తీసేసి ఇత్తడి ఇరుసు చేయించాను. బిగుసుకుపోయింది. ఆకురాయి పట్టుకుని సాయంత్రాలకు సాయంత్రాలు రాస్తూ కూర్చున్నాను.

ప్రతి ఆదివారం మామయ్య ముందు గదిలోంచి అడిగేవాడు. "లైను యాడిదాక వచ్చింది అల్లుడూ?"

"కొసకొచ్చింది మామయ్యా. ఇంకొక్క వారం."

ఆయన నన్ను ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ముప్పై ఏళ్లు సిగ్నలు పడేదాకా ఆగిన మనిషి. కానీ ఆ వారాల్లో ఏం జరుగుతోందో నేను చూస్తూనే ఉన్నాను. గ్లాసులో పోసుకునే నీళ్లు గ్లాసు పక్కన పడేవి. కంచం ముందు కూర్చుని కూర ఏ పక్కనుందని అడిగేవాడు. పెరట్లోకి పోయేటప్పుడు చెయ్యి గోడ మీద నుంచి తీసేవాడు కాదు. చూశాను, మనసు చివుక్కుమంది, మళ్లీ ఆకురాయి పట్టుకున్నాను. ఆలస్యం అమృతం విషం అని ఆఫీసులో జూనియర్లకు చెప్పే నోరు ఇంట్లో ఇంకొక్క వారం అంటూ వచ్చింది.

చివరికి వంతెన కలిసింది. ఇంజను ఎక్కింది, తిరిగింది, దిగింది. ఆనందంతో గంతులేసినంత పని చేశాను. మర్నాడు ఆదివారం.

ముందురోజు వాన పడి వెలిసింది. మామయ్య తలస్నానం చేసి, ఉతికిన తెల్ల అంగీ తొడుక్కున్నాడు. నా భార్య చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తెచ్చి, లైనుకెదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. నేను దుప్పటి తీశాను. స్విచ్చి నొక్కాను. ఇంజను డోర్నకల్లులో కదిలి, వాగు దాటి, గేటు దాటి, టేకు చెట్ల మధ్యలోకి పోయింది. నా చేతులతో చేసినదే అయినా చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

మామయ్య మొహం గోడ వైపుంది.

"మొదలువెట్టినవా?" అన్నాడు.

"నడుస్తోంది మామయ్యా. అడవిలోకి పోయింది."

"అవ్. సప్పుడు ఇనవడ్తున్నది." కూతురి వైపు చెయ్యి చాచాడు. "లైటెయ్యి బిడ్డా. చీకటిగున్నది."

పొద్దున పది గంటలవుతోంది. తూర్పు కిటికీలోంచి ఎండ తిన్నగా తలుపుల మీద పడి, పట్టాలు మెరుస్తున్నాయి. నా భార్య పోయి లైటు వేసింది. "ఏసిన నాయినా" అంది.

"ఆఁ. ఇప్పుడు నయం," అన్నాడు మామయ్య.

మా ఇద్దరి కోసం ఆ మాట అన్నాడు. చూపు ఎప్పుడు పూర్తిగా పోయిందో ఆయన మాకు చెప్పలేదు, మేం అడగలేదు. నేను మోటారు ఆపలేదు. రైలు కొస దాకా పోయి ఆగింది.

ఆఖరికి ఆయనే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చెయ్యి వెట్టి సూస్త, ఏం గాదు గద?" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని డోర్నకల్లు ప్లాట్‌ఫారం మీద పెట్టాను. అక్కడ్నుంచి ఆయన వేళ్లకు దారి చూపించే అవసరం రాలేదు. బొటనవేలు ఒక పట్టా మీద, చూపుడువేలు ఇంకో పట్టా మీద వేసి మెల్లగా పోయాడు. "వాగు," అన్నాడు. కమాన్లు మూడూ లెక్కపెట్టాడు. "గేటు. గీ గేటాయన బీడి లేందె గేటు తియ్యకపోవు." ఎత్తు దగ్గర వేళ్లకు టేకాకు పొడి అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పెద్దగా నవ్వాడు. "గట్లనే ఉన్నది! ఇసుక పొయ్యాలె ఈడ." అంత సంతోషంగా ఆయన్ని చూసి ఏడాది దాటింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పోన్లే, కళ్లు లేకపోయినా వేళ్లున్నాయి, అనుకున్న పని ఒక రకంగా అయినట్టే అనుకున్నాను.

వేళ్లు కొస స్టేషను చేరాయి. స్టేషను కప్పు తడిమాయి, నీళ్ల ట్యాంకు తడిమాయి, ఇంకొంచెం ముందుకు పోయి పళ్లెం అంచు దగ్గర ఆగాయి. అంచు చుట్టూ ఒకసారి తిరిగాయి. మధ్యలో వంతెనను పట్టుకుని కదిపితే అది నూనె రాసినట్టు తిరిగింది.

"ఇదేంది?" అన్నాడు. మళ్లీ తిప్పాడు. "టేబులా? టర్న్‌టేబులా ఇది?"

"అవును మామయ్యా."

"మా లైన్ల టేబులేది అల్లుడూ?" నవ్వుతూనే అన్నాడు. "కొస స్టేషన్ల టేబుల్ ఎన్నడు లేకపోయె. మేం ఉల్టానే వచ్చేది గద."

నా భార్య ఆయన కుర్చీ వెనక నిలబడి ఉంది. తలెత్తి నా వైపు చూసింది. నేను ఇంజను వైపు చూశాను.

మామయ్యకు అదేమీ తెలియదు. ఆయన ఏదో పాత ముడి విప్పుకుంటున్నట్టు చెప్పుకుంటూ పోయాడు. పోయేటప్పుడు బాగానే ఉంటుందట, పొగ వెనక్కి పోతుంది. వచ్చేటప్పుడు బొగ్గు డబ్బా ముందుండేది, గాలికి ఆ బొగ్గుపొడంతా లేచి డ్రైవరు మొహాన కొట్టేది. "ముప్పై ఏండ్లు తిన్న ఆ పొడి. నా కండ్లు పోయింది గందుకే." డాక్టరు ఆ జబ్బుకూ బొగ్గుకూ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మలేదు. తనిఖీకి పెద్దాఫీసరు వచ్చినప్పుడల్లా ఎదురుగా పోయి నిలబడి, కొసన ఒక టేబుల్ పెట్టించమని అడిగేవాడట. ఆఫీసరు పుస్తకంలో రాసుకునేవాడట. తోటి డ్రైవర్లు ఈయన్ని చూసి నవ్వేవాళ్లట. అవన్నీ నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"ఎవలు వెట్టలే," అన్నాడు మామయ్య. "నువ్వు వెట్టినవ్."

తడుముకుని ఇంజన్ను పెట్టెల నుంచి విడదీసి, వంతెన మీదికి తోసి, ఒక్క వేలితో మెల్లగా తిప్పాడు. పొగగొట్టం డోర్నకల్లు వైపు మళ్లింది. వేలితో పొగగొట్టాన్ని తాకి చూసుకుని, అటే ఉందని నమ్మకం కుదిరాక కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇగ పోనియ్ అల్లుడూ" అన్నాడు. స్విచ్చి నొక్కాను. ఇంజను పెట్టెల పక్క పట్టా మీదుగా, ముందు మొహంతో ఇంటికొచ్చింది.

ఆయన ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. రోజూ పొద్దున టీ తాగి, గోడ పట్టుకుని వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని ఇంజను మొహం తిప్పుకునేవాడు. బ్రాంచి లైనుకు డీజిలు ఇంజన్లు వచ్చాయని ఎవరో చెబితే, వాటికి ఇటైనా ఒకటే అటైనా ఒకటే, ఇగ టేబులెందుకు అన్నాడు. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ మామకు ఇంత సేవ చేసిన అల్లుణ్ణి చూడలేదన్నారు. నేను తల వంచుకుని విన్నాను. నా భార్య ఆ మాటలప్పుడు లోపలికి వెళ్లిపోయేది.

లైను నడిపిన ఆ ఆదివారం ఆమె పొద్దంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం నేనే వంటింటి గడపలో పోయి కూర్చున్నాను. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు కోస్తోంది. ముందు గదిలో మామయ్య చాలా రోజుల తర్వాత ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"గది జేసుడు ఎన్ని రోజులు పట్టింది మీకు?" అంది తలెత్తకుండా.

"నాలుగు నెలలు," అన్నాను. ఆమెకు ఇంకో అబద్ధం చెప్పే శక్తి నాకు లేదు.

"అంటె ఉగాది కాడ మొదలువెట్టిన్రు."

"ఆ."

కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఉగాది నాడు పచ్చడి తీస్కపోయి ఇస్తే, నాయిన నా మొఖం సూసి, బొట్టు వంకరున్నది బిడ్డా, సరిజేసుకో అన్నడు," అంది.

ఆమె ఇంకో బెండకాయ తీసుకుంది.